కార్పొరేషన్, తుడా, జిల్లా.. తిరుపతిలో ఎవరి పరిధి ఎంత? మీ ఊరు నగరంలో కలిస్తే ఏం మారుతుంది?

తిరుపతి శివార్లలో స్థలం కొన్నారా? చెత్త తీయడం పంచాయతీ పని. లేఅవుట్‌కు ఆమోదం తుడా ఇవ్వాలి. రిజిస్ట్రేషన్ మరో ఆఫీసులో. ఒకే స్థలానికి ఇన్ని ఆఫీసులు ఎందుకో చూద్దాం.

కార్పొరేషన్ ఎలా వచ్చింది?
తిరుపతి 1886లో మున్సిపాలిటీ అయింది. 2007లో కార్పొరేషన్‌గా మారింది. అయితే కార్పొరేషన్‌కు తొలి ఎన్నికలు జరిగింది 2021లో. అంటే సుమారు 14 ఏళ్లు నగరవాసులు పన్ను కట్టినా, అడగడానికి కార్పొరేటర్ లేరు. హోదా పెరగడం వేరు, ప్రజాప్రతినిధులు రావడం వేరు. చిత్తూరు 2012లో కార్పొరేషన్ అయింది.

మరి తుడా?
తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ 1981లో ఏర్పడింది. నగరంతోపాటు చుట్టుపక్కల మండలాలకు మాస్టర్ ప్లాన్ వేయడం, లేఅవుట్లకు ఆమోదం ఇవ్వడం దీని పని. ఛైర్మన్‌ను ప్రభుత్వమే నియమిస్తుంది, మనం ఓటేసి ఎన్నుకోం. ఇలాంటి సంస్థలకు ఇప్పుడు 2016 నాటి రాష్ట్ర చట్టం ఆధారం. పరిధిని పెంచాలన్నా తగ్గించాలన్నా ప్రభుత్వ నోటిఫికేషన్ చాలు.

జిల్లా మారితే ఇవీ మారతాయా?
మారాలని లేదు. పలమనేరు-కుప్పం-మదనపల్లె అథారిటీ 2019లో వచ్చింది. 2022 ఏప్రిల్ 4న చిత్తూరు జిల్లాను విభజించినప్పుడు మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. దాంతో ఒకే అథారిటీ ఊళ్లు రెండు జిల్లాల్లో పడ్డాయి. అదే రోజు చిత్తూరు, నెల్లూరు జిల్లాల ప్రాంతాలతో తిరుపతి జిల్లా ఏర్పడింది.

'మెట్రోపాలిటన్' అంటే?
74వ రాజ్యాంగ సవరణ ప్రకారం 10 లక్షలు, ఆపై జనాభా ఉన్న ప్రాంతం. అక్కడ ప్రణాళికా కమిటీ వేయాలి. అందులో కనీసం మూడింట రెండొంతుల మంది మున్సిపాలిటీల సభ్యులు, పంచాయతీల అధ్యక్షులు తమలో నుంచి ఎన్నుకున్నవారై ఉండాలి. 2011 లెక్కల్లో తిరుపతి నగర జనాభా 3 లక్షల లోపే.

మీ పంచాయతీ నగరంలో కలిస్తే?
సర్పంచ్ స్థానంలో కార్పొరేటర్ వస్తారు, అదీ ఎన్నికలు జరిగితేనే. ఆస్తి పన్ను కార్పొరేషన్ లెక్కల్లోకి వెళ్తుంది. గ్రామాలకే పరిమితమైన ఉపాధి హామీ పనులు ఆగిపోతాయి. నీళ్లు, డ్రైనేజీ బాధ్యత కార్పొరేషన్‌ది అవుతుంది.

ఇవి గుర్తుంచుకోండి
• తుడా పరిధిలో ప్లాటు కొనేముందు లేఅవుట్‌కు తుడా ఆమోదం ఉందో లేదో చూసుకోండి. పంచాయతీ కాగితం ఒక్కటే చాలదు.
• మాస్టర్ ప్లాన్‌లో మీ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో, రోడ్డు వెడల్పులో పోతుందేమో కనుక్కోండి.
• ముసాయిదా ప్లాన్ విడుదలైతే అభ్యంతరాల గడువులోపే రాతపూర్వకంగా ఇవ్వండి. ఎన్నికల్లేని సంస్థలో మీ మాట నమోదయ్యే ప్రధాన అవకాశం అదే.