అమెరికా అబార్షన్ చట్టాలు: పార్టీ ఒకచోట, ఓటరు ఇంకొకచోట

అమెరికాలో ఎన్నికలు వచ్చినప్పుడల్లా మన సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఒకే రకం సందేశం తిరుగుతుంది. ఫలానా పార్టీ గర్భస్థ శిశువు పక్షం, ఫలానా పార్టీ శిశుహత్య పక్షం, విశ్వాసి ఎవరికి ఓటు వేయాలో ఇక అడగనక్కరలేదు అని. డల్లాస్‌లోనో అట్లాంటాలోనో ఉన్న మన పిల్లలు దాన్ని పంపుతారు. ఇక్కడ కొందరు పెద్దలు దాన్ని ఆదివారం ప్రసంగంలోకి కూడా తెస్తున్నారు. గర్భంలోని ప్రాణం దేవుడిచ్చినదని మేము నమ్ముతాం. 139వ కీర్తన చదివినవారికి ఆ మాట మళ్లీ నేర్పనక్కరలేదు. అయితే ఆ సందేశం చెప్పే రెండో సంగతి, అంటే అమెరికా ప్రజలు పార్టీలుగా చీలినట్టే ఈ విషయంలోనూ సరిగ్గా రెండుగా చీలారన్నది, నిజం కాదు. ఓట్ల లెక్కలు చూస్తే అది తెలుస్తుంది.

ముందు చట్టం సంగతి. 1973 జనవరి 22న అమెరికా సుప్రీంకోర్టు రో వర్సెస్ వేడ్ కేసులో అబార్షన్‌ను రాజ్యాంగ హక్కుగా గుర్తించింది. దాదాపు యాభై ఏళ్లు ఆ తీర్పు నిలిచింది. 15 వారాల తర్వాత అబార్షన్‌ను నిషేధించిన మిసిసిపి చట్టంపై వచ్చిన డాబ్స్ కేసులో, 2022 జూన్ 24న అదే కోర్టు ఆ తీర్పును కొట్టివేసి నిర్ణయాన్ని రాష్ట్రాలకు వదిలింది. టెక్సస్ సహా సుమారు డజను రాష్ట్రాల్లో ఇప్పుడు దాదాపు పూర్తి నిషేధం ఉంది. జార్జియా, ఫ్లోరిడా, సౌత్ కరొలైనా, అయోవా సుమారు ఆరు వారాల దగ్గర గీత గీశాయి. చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమని అప్పటికి తెలిసీ తెలియని సమయం అది.

పార్టీలు మొదటినుంచీ ఇలాగే నిలబడ్డాయని అనుకునేవారికి చరిత్ర కాస్త ఆశ్చర్యం కలిగిస్తుంది. రో తీర్పుకు ఒప్పుకున్న ఏడుగురు న్యాయమూర్తుల్లో ఐదుగురిని నియమించింది రిపబ్లికన్ అధ్యక్షులే. వ్యతిరేకించిన ఇద్దరిలో ఒకరిని నియమించింది డెమొక్రాట్ అయిన కెనడీ. 1967లో కాలిఫోర్నియాలో అబార్షన్ నిబంధనలు సడలించిన చట్టంపై గవర్నరుగా సంతకం చేసింది రొనాల్డ్ రీగన్. ఆ తర్వాత ఆయనే ఈ ఉద్యమానికి నాయకుడయ్యాడు. సంఘాల మాటకొస్తే, 1971లో సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ ఒక తీర్మానం చేసింది. బలాత్కారం, తీవ్రమైన పిండ వైకల్యం, తల్లి శారీరక, మానసిక ఆరోగ్యానికి హాని వంటి పరిస్థితుల్లో అబార్షన్‌ను అనుమతించే చట్టాలకు కృషి చేయాలని సభ్యులను కోరింది. 2003లో అదే కన్వెన్షన్ తన పాత తీర్మానాలకు విచారం తెలిపింది.

ఆ రోజుల్లో అబార్షన్‌ను గట్టిగా ఎదిరించింది ముఖ్యంగా కతోలిక సంఘం. కతోలికుల్లో ఎక్కువమంది అప్పుడు డెమొక్రాట్లు. 1979లో ఫ్రాన్సిస్ షేఫర్, డాక్టర్ ఎవరెట్ కూప్ కలిసి రాసిన పుస్తకం, దానితో వచ్చిన సినిమా ఎవాంజెలికల్ సంఘాలను కదిలించాయి. షేఫర్‌ను సెమినరీలో చదివిన మా తరం కాపరులకు ఇది తెలిసిన సంగతే. జెర్రీ ఫాల్వెల్ మోరల్ మెజారిటీ పెట్టింది కూడా ఆ ఏడాదే. అక్కడినుంచి రెండు పార్టీలూ మెల్లగా చెరో అంచుకు జరిగాయి. 1992లో పెన్సిల్వేనియా గవర్నర్, డెమొక్రాట్, అబార్షన్‌ను వ్యతిరేకించే బాబ్ కేసీకి సొంత పార్టీ మహాసభలో మాట్లాడే అవకాశమే దొరకలేదు. అలాంటి డెమొక్రాట్లు ఆ తర్వాత అరుదైపోయారు. లూసియానా గవర్నర్ జాన్ బెల్ ఎడ్వర్డ్స్ 2019లో నిషేధ చట్టంపై సంతకం చేస్తే జనం వింతగా చూశారు.

డాబ్స్ తర్వాత ఏం జరిగిందో ఇప్పుడు చూడాలి. అమెరికాలో రాష్ట్ర రాజ్యాంగాన్ని మార్చే ప్రశ్నను నేరుగా ప్రజల ఓటుకు పెట్టవచ్చు. కొన్ని రాష్ట్రాల్లో ప్రజలే సంతకాలు సేకరించి ఆ పని చేయవచ్చు. మన దగ్గర ఆ పద్ధతి లేదు. అక్కడి ఓటరు ఒకే బూత్‌లో, ఒకే బ్యాలెట్‌పై ఒక అభ్యర్థికి ఓటు వేసి, అదే అభ్యర్థి పార్టీ కోరుకునే చట్టానికి వద్దని కూడా చెప్పవచ్చు. అలా చెప్పినవారు లక్షల్లో ఉన్నారు.

మొదటి ఓటింగ్ 2022 ఆగస్టు 2న కాన్సస్‌లో జరిగింది. 2020లో ట్రంప్‌కు 56 శాతం ఓట్లిచ్చిన రాష్ట్రం అది. తమ రాజ్యాంగంలో అబార్షన్ హక్కు లేదని రాసుకుందామా అన్నది ప్రశ్న. సంఘాలు కష్టపడి ప్రచారం చేశాయి. 9 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి, సుమారు 59 శాతం వద్దన్నారు. ఆ నవంబరులో కెంటకీ కూడా అలాంటి సవరణనే తిరస్కరించింది. ట్రంప్‌కు 62 శాతం ఓట్లు వేసిన రాష్ట్రం అది. ఒహాయోలో రాజకీయ నాయకులు ఇంకో దారి పట్టారు. సవరణ గెలవాలంటే సగం ఓట్లు చాలవు, 60 శాతం రావాలనే నియమం తేబోయారు. 2023 ఆగస్టులో ఓటర్లు దాన్ని ఓడించి, నవంబరులో సుమారు 57 శాతంతో అబార్షన్ హక్కును రాజ్యాంగంలో చేర్చారు. ఆట మధ్యలో గీత జరపడం ఎవరికీ నచ్చలేదు. మాకూ నచ్చలేదు.

2024 నవంబరులో పది రాష్ట్రాల్లో ఈ ప్రశ్న బ్యాలెట్‌పైకి వచ్చింది. ఏడు రాష్ట్రాల్లో హక్కును కోరినవారు గెలిచారు. వాటిలో మిస్సోరి, మోంటానా, అరిజోనా, నెవాడా అదే రోజు ట్రంప్‌నూ గెలిపించాయి. ఫ్లోరిడాలో సవరణకు సుమారు 57 శాతం వచ్చినా, అక్కడ 60 శాతం నియమం ముందునుంచే ఉంది కాబట్టి ఓడింది. ఆ రాష్ట్రంలో అదే రోజు ట్రంప్‌కు వచ్చింది 56 శాతం. అంటే గెలిచిన అభ్యర్థి కంటే ఓడిన సవరణకే కాస్త ఎక్కువ మద్దతు దొరికింది. సౌత్ డకోటా హక్కును తిరస్కరించింది. నెబ్రాస్కా మొదటి మూడు నెలల తర్వాత నిషేధాన్ని ఎంచుకుంది. ఈ రెండింటినీ మరచిపోకూడదు, ఫలితాలన్నీ ఒకే వైపు లేవు.

సర్వేలు కూడా ఇదే చెబుతున్నాయి. ప్యూ సంస్థ 2024 సర్వేలో 63 శాతం అమెరికన్లు అన్ని లేదా ఎక్కువ సందర్భాల్లో అబార్షన్ చట్టబద్ధంగా ఉండాలన్నారు. తెల్లజాతి ఎవాంజెలికల్స్‌లో 73 శాతం అది చట్టవిరుద్ధం కావాలన్నారు. నల్లజాతి ప్రొటెస్టెంట్లలో మాత్రం 70 శాతానికి పైగా చట్టబద్ధంగా ఉండాలన్నారు. కతోలికుల్లో కూడా, వారి సంఘ బోధ ఎంత స్పష్టంగా ఉన్నా, సుమారు 59 శాతం అదే మాట. ఒకే బైబిలు, ఒకే ప్రభువు బల్ల, అయినా ఓటు మాత్రం వేరు. గాలప్ సర్వే ఇంకో సంగతి బయటపెడుతుంది. 2023లో మొదటి మూడు నెలల్లో అబార్షన్‌ను సుమారు 69 శాతం ఒప్పుకున్నారు. రెండో మూడు నెలలకు వచ్చేసరికి అది 37 శాతం, చివరి మూడు నెలలకు 22 శాతం. అంటే మధ్యస్థంగా ఆలోచించే ఓటరు పూర్తి నిషేధానికీ ఒప్పుకోడు, హద్దులేని స్వేచ్ఛకూ ఒప్పుకోడు. బిడ్డ పెరిగేకొద్దీ అతని మనస్సాక్షి బరువెక్కుతోంది. మన సిద్ధాంతానికి అది సరిపోదు. అయినా ఆ బరువును దేవుని పనిగానే మేము చూస్తాం.

మరి చట్టాలు జనాభిప్రాయానికి ఇంత దూరంగా ఎందుకున్నాయి? చాలా నియోజకవర్గాలు ఒకే పార్టీకి కంచుకోటలు. అక్కడ శాసనసభ్యుడు భయపడేది నవంబరు ఎన్నికకు కాదు, సొంత పార్టీ ప్రైమరీకి. ప్రైమరీలో ఓటు వేసేది పట్టుదల గల కొద్దిమందే. ఇది రెండు పార్టీలకూ వర్తిస్తుంది. అబార్షన్ అరుదుగా ఉండాలని క్లింటన్ 1992లో అన్న మాట ఈనాడు ఆ పార్టీ వేదికల మీద వినబడదు. రిపబ్లికన్లు ఓటమి రుచి చూశాక గొంతు తగ్గించారు. 2023లో వర్జీనియా గవర్నర్ యంగ్‌కిన్ 15 వారాల పరిమితిని నమ్ముకుని ఎన్నికలకు వెళితే, రెండు సభలూ డెమొక్రాట్ల చేతికి పోయాయి. 2024లో ఆ పార్టీ జాతీయ ప్రణాళిక దేశవ్యాప్త నిషేధం మాటే వదిలేసి రాష్ట్రాలకు అప్పగించింది. గర్భస్థ శిశువు హక్కు ఓట్లు తెచ్చినంతకాలం సిద్ధాంతం, ఓట్లు పోగొడితే రాష్ట్రాల విషయం. ఆ పార్టీ జెండాను పులిపీఠం పక్కన నిలబెట్టిన కాపరులు దీన్ని గమనించారో లేదో.

నిషేధాలతో అబార్షన్లు తగ్గాయా అంటే, దేశం మొత్తం మీద తగ్గలేదు. గుట్‌మాకర్ సంస్థ లెక్కల్లో 2020లో సుమారు 9 లక్షల 30 వేలు జరిగితే, 2023లో 10 లక్షలు దాటాయి. స్త్రీలు పక్క రాష్ట్రాలకు వెళ్తున్నారు, మాత్రలు పోస్టులో వస్తున్నాయి. 2023లో 60 శాతానికి పైగా మాత్రలతోనే జరిగాయి.

ఇక్కడ మన భాషకు సంబంధించిన చిక్కు ఒకటుంది. మన ఇళ్లలో గర్భం దానంతట అది పోయినా "అబార్షన్ అయింది" అనే అంటాం. ఆసుపత్రిలో కూడా చాలాసార్లు రెండింటికీ మందు, చికిత్స ఒకటే. కఠిన చట్టాలున్న రాష్ట్రాల్లో డాక్టర్లు జైలుకు, లైసెన్సు పోవడానికి భయపడి, బిడ్డ దక్కదని తెలిసిన తల్లికి కూడా చికిత్స ఆలస్యం చేశారన్న ఫిర్యాదులు వచ్చాయి. చివరికి టెక్సస్ శాసనసభే 2025లో తల్లి ప్రాణాపాయంలో డాక్టరు ఏం చేయవచ్చో వివరిస్తూ చట్టాన్ని సవరించింది. నిషేధాన్ని తెచ్చినవారు కూడా ఆ సవరణకు ఓటు వేశారు. డల్లాస్, హ్యూస్టన్ ప్రాంతాల్లో కాపురముంటున్న మన ఆడబిడ్డలకు ఇది దూరపు వార్త కాదు. బిడ్డను కోరుకుని, మోస్తూ, ప్రార్థిస్తున్న తల్లికి కూడా ఆ చట్టంతో పని పడవచ్చు.

మన దేశంలో 1971 నాటి చట్టం, 2021లో జరిగిన సవరణ ఎన్నికల యుద్ధం లేకుండానే వచ్చాయి. మన సంఘాలు వాటి గురించి మాట్లాడిందీ తక్కువే. ఆడపిల్ల అని తెలిసి గర్భం తీయించుకోవడాన్ని ఆపడానికి 1994లోనే చట్టం వచ్చింది. దాని గురించి మన పులిపీఠాలు ఎన్నిసార్లు నోరు విప్పాయి? ఎవరి పార్టీకీ లాభం లేని పాపం కాబట్టి దానిపై వాట్సాప్ సందేశాలు రావు.

మిస్సోరిలో కథ ఇంకా ముగియలేదు. 2024లో ప్రజలు సుమారు 52 శాతంతో చేర్చుకున్న హక్కును తొలగించే ప్రతిపాదనను 2025 మేలో అక్కడి శాసనసభ ఆమోదించి, 2026 నవంబరు ఓటింగ్‌కు పంపింది. ఈసారి అందులో బలాత్కార బాధితులకు 12 వారాల వరకు మినహాయింపు పెట్టారు. అబార్షన్‌తో సంబంధం లేని ఇంకో అంశాన్ని కూడా, మైనర్లకు లింగమార్పిడి చికిత్సల నిషేధాన్ని, దానికే కట్టారు. ఓటరు రెండింటికీ కలిపి ఒకే గుర్తు పెట్టాలి.