కవరు మీద ఎర్ర బొమ్మ

పండగ దానమంటే మనకు కాస్త చిన్నచూపు. ఏడాది పొడవునా పట్టించుకోనివాళ్లు డిసెంబరులో నాలుగు దుప్పట్లు పంచి ఫొటో దిగుతారని, జనవరి వచ్చేసరికి మరిచిపోతారని అంటాం. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ ఒక క్రిస్మస్‌కు మొదలై నూట ఇరవై ఏళ్లుగా ఆగకుండా నడుస్తున్న దానం ఒకటుంది. క్షయరోగుల కోసం ఉత్తరాల మీద అతికించే చిన్న బొమ్మబిళ్ల అది. క్రిస్మస్ సీలు అంటారు. మన దగ్గర టీబీ సీలు పేరుతో పాతతరం వారికి పరిచయమే. దాని చరిత్ర చదివితే, దయగల మనసులు ఏ కాలంలోనూ కరువు కాలేదని, వాటికి చేతికందే ఒక రూపం దొరకడమే అరుదని అనిపిస్తుంది. ఈ సీలుకు ఆ రూపమిచ్చినవారు కోటీశ్వరులు కారు. ఒక పోస్టాఫీసు ఉద్యోగి, బొమ్మ వేయగల ఒక సంఘసేవకురాలు.

ఉద్యోగి పేరు ఐనార్ హోల్బోల్, దేశం డెన్మార్క్. 1903 క్రిస్మస్ ముందు, గుట్టలుగా వచ్చిపడుతున్న శుభాకాంక్షల ఉత్తరాల మధ్య కూర్చుని ఆయనకు ఒక లెక్క తట్టింది. ఇన్ని కవర్ల మీద తపాలా బిళ్లతో పాటు అతి తక్కువ ధరకు ఇంకో బిళ్ల అతికిస్తే, ఆ డబ్బుతో క్షయ సోకిన పిల్లలకు ఆసుపత్రి కట్టవచ్చు కదా అని. రాబర్ట్ కోఖ్ క్షయ క్రిమిని కనిపెట్టి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. మందు మాత్రం లేదు. మంచి గాలి, వెలుతురు, కడుపునిండా తిండి, విశ్రాంతి, ఇవే వైద్యం. ఇరుకు గదుల్లో ఆరేడుగురు పడుకునే కూలివాళ్లకు ఈ నాలుగింటిలో ఏదీ అందేది కాదు. రాజు తొమ్మిదో క్రిస్టియన్ ఆ ఆలోచనకు ఒప్పుకున్నాడు. కన్నుమూసిన రాణి లూయీస్ బొమ్మతో 1904లో తొలి సీలు వెలువడింది. ధర రెండు ఓరెలు, అంటే వాళ్ల చిల్లర నాణేల్లో చిన్నవాటిలో ఒకటి. ఆ ఏడు 40 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. దేశ జనాభా అప్పటికి 25 లక్షలే. తలకు ఒకటికి మించి అన్నమాట! హోల్బోల్ తెలివంతా ఎవరినీ కొత్త పని చేయమని అడగకపోవడంలో ఉంది. ఉత్తరం ఎలాగూ రాస్తారు, బిళ్ల ఎలాగూ తడిపి అతికిస్తారు. ఇంకొకటి అతికించండి, అంతే.

ఈ బిళ్ల అట్లాంటిక్ దాటింది కూడా ఒక ఉత్తరం మీదే. డెన్మార్క్‌లో పుట్టి న్యూయార్క్ మురికివాడల గురించి రాసి పేరు తెచ్చుకున్న జేకబ్ రీస్‌కు స్వదేశం నుంచి వచ్చిన కవరు మీద అది కనిపించింది. తోబుట్టువుల్లో ఆరుగురిని క్షయకు పోగొట్టుకున్న మనిషి ఆయన. అమెరికాలోనూ ఇలాంటిది రావాలని 1907లో ఒక పత్రికలో వ్యాసం రాశాడు. డెలవేర్ రాష్ట్రంలో ఎమిలీ బిసెల్ అనే సంఘసేవకురాలు దాన్ని చదివింది. ఆమె బంధువైన వైద్యుడొకరు బ్రాండీవైన్ ఏటి ఒడ్డున నడుపుతున్న చిన్న క్షయశాల (శానిటోరియం) 300 డాలర్లు లేక మూతపడే స్థితిలో ఉంది. బిసెల్ పెద్ద చిత్రకారిణి కాదు. అయినా బొమ్మ తనే వేసింది: హాలీ ఆకుల దండ, దాని నడుమ రెడ్‌క్రాస్ గుర్తు, కింద పండగ శుభాకాంక్ష, మొత్తం ఒకే ఎరుపు రంగులో. రెండో రంగుకు ఖర్చు పెరుగుతుంది మరి. స్నేహితుల దగ్గర అప్పు చేసి 50,000 అచ్చు వేయించింది. పాతిక చొప్పున చిన్న కవర్లలో పెట్టి, ప్రతి కవరు మీద ఒక పద్యం అచ్చు వేయించి, డిసెంబరు 7న విల్మింగ్టన్ పోస్టాఫీసులో బల్ల వేసుకుని కూర్చుంది. ధర ఒక్క సెంటు.

మొదటి రోజుల్లో అమ్మకం సాగలేదు. ఈ సంగతి నా వాదనకు కాస్త అడ్డం వచ్చేదే, కాబట్టి దాటేయడం కుదరదు. బొమ్మ ఉంటే చాలదు, దాన్ని జనం ముందుకు తెచ్చేవారు కావాలి. ఫిలడెల్ఫియాలోని ఒక దినపత్రిక ఆ పని నెత్తికెత్తుకుని రోజూ రాసింది. పేపర్లమ్మే కుర్రాడొకడు క్షయ సోకిన తన చెల్లెలి కోసం ఒక సెంటు ఇచ్చి ఒక్క సీలు కొన్నాడన్న కథ అక్కడిదే. ప్రచారానికి పనికొచ్చేలా దానికి కాస్త నగిషీ పెట్టి ఉంటారని నా అనుమానం. ఏదైతేనేం, 300 డాలర్లు కోరుకున్న చోట సుమారు 3,000 వచ్చాయి. మరుసటి ఏడు బొమ్మ వేసింది హవర్డ్ పైల్, అప్పటి అమెరికన్ పుస్తక చిత్రకారుల్లో అగ్రగణ్యుడు. దేశమంతటా అమ్మితే 1,35,000 డాలర్లు దాటాయి. పత్రిక జనాన్ని బల్ల దాకా తెచ్చింది, సరే. ఏటా మళ్లీ రప్పించింది మాత్రం కొత్త బొమ్మే. హుండీలో వేసిన నాణెం హుండీలోనే ఉండిపోతుంది. సీలు అలా కాదు, ఇచ్చినవాడి చేతుల మీదుగా ఇంకో ఊళ్లో ఇంకో ఇంటి గడప తొక్కుతుంది. అందుకున్నవారికి శుభాకాంక్షతో పాటు ఒక అడగని ప్రశ్న కూడా చేరుతుంది: నువ్వు కొన్నావా?

ఈ సీలును నేను చేతికళ అనే అంటాను. అచ్చుయంత్రం మీద లక్షల్లో దిగే కాగితాన్ని అలా అనడం ఏమిటని అడగవచ్చు. గీసింది ఒక చెయ్యే, నిజమే. అయితే తక్కిన సగం పని అతికించే చేతులది. కవరు మూతకు సరిగ్గా నడుమ అంటించేవారు కొందరు, పిల్లల చేత అంటించేవారు కొందరు, దాచుకునేవారు కొందరు. పెళ్లి శుభలేఖ అచ్చులో వచ్చినా నాలుగు మూలలా పసుపు రాసేది మనింటి చెయ్యే కదా, ఇదీ అలాంటిదే.

దీనికంటే బరువైన అభ్యంతరం వైద్యులది. క్షయను అదుపులోకి తెచ్చింది 1940లలో వచ్చిన స్ట్రెప్టోమైసిన్, దాని వెనక వచ్చిన మందులూ. అంతకు ముందే పడమటి దేశాల్లో క్షయ మరణాలు తగ్గుముఖం పట్టాయంటే అది తిండి, ఇళ్లు మెరుగుపడడం వల్లే తప్ప బిళ్లల వల్ల కాదంటారు. ఇందులో చాలావరకు ఒప్పుకోవలసిందే. శానిటోరియం నుంచి బతికి బయటపడినవారిలో ఎందరు దాని వల్లనే బతికారో తేల్చడం కష్టం. కానీ ఆ రోజుల్లో క్షయ ఉన్న ఇల్లు ఆ సంగతి బయటికి పొక్కనిచ్చేది కాదు. సంబంధాలు తప్పిపోయేవి, పని పోయేది. అలాంటి రోగం పేరు చెప్పి అమ్మిన బొమ్మ పండగ ఉత్తరంతో పాటు నట్టింట్లోకి వచ్చి కూర్చుంది. పిల్లలు ఇదేమిటని అడిగితే పెద్దలు జవాబు చెప్పవలసి వచ్చింది. రోగాన్ని తగ్గించకపోయినా దాని గురించి మాట్లాడనిచ్చింది, పరీక్షలకు డబ్బు తెచ్చింది.

సర్కారు చేయవలసిన పనిని చిల్లర డబ్బులకు అప్పగించడం తప్పు కాదా అనేవారూ ఉన్నారు. ఉత్త చిల్లరతో క్షయ పోదు, నిజమే. అయితే ప్రజలు ఒక పనిని తమదనుకుని మొదలుపెట్టాకే సర్కార్లు కదిలిన సందర్భాలు తక్కువేం కాదు. నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది వేరే విషయం. తర్వాతి దశాబ్దాల్లో అమెరికాలో క్షయ సంఘాలు అడగకుండానే సీళ్ల షీట్లు ఇళ్లకు పోస్టులో పంపడం మొదలుపెట్టాయి. డబ్బు పంపకుండా వాడుకుంటే తప్పు చేసినట్టు, పారేస్తే రోగిని కాదన్నట్టు. రాబడి పెరిగింది. కానీ బిసెల్ బల్ల దగ్గరికి నడిచి వెళ్లి ఒక సెంటు ఇచ్చిన మనిషి సంతోషం ఇందులో లేదు.

మన నేలకూ ఈ కథలో చోటుంది. రాయలసీమలో, సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న మదనపల్లెలో, అనేక మిషన్లు కలిసి 1912లో మొదలుపెట్టిన క్షయ ఆసుపత్రి 1915లో ఊరి బయట ఆరోగ్యవరానికి మారింది. మందు లేని కాలంలో ఆ పొడిగాలే మందు. దాన్ని దశాబ్దాల పాటు నడిపిన వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమొట్ మొల్లర్ డెన్మార్క్ వాడే. 1939లో ఏర్పడిన భారత క్షయ నివారణ సంఘానికి తొలినాళ్లలో వైద్య కమిషనరుగా పనిచేసింది కూడా ఆయనే. ఆ సంఘం 1950 నుంచి ఏటా టీబీ సీళ్లు అమ్మే కార్యక్రమం చేపట్టింది. అక్టోబరు 2న మొదలై జనవరి 26 దాకా సాగుతుంది. అంటే గాంధీ జయంతి నుంచి గణతంత్ర దినం దాకా. దసరా, దీపావళి, క్రిస్మస్, సంక్రాంతి సాధారణంగా ఆ లోపలే వస్తాయి. పేరులో క్రిస్మస్ పోయింది, పండగల పంచాంగం మాత్రం పోలేదు. చాలామందికి పండగ ఉత్తరాలు రాసే రోజులు అవే కదా. ఇక్కడా బడిలో పంతులుగారు తలా ఒక సీలు అంటగట్టినచోట అది మరో ఫీజుగానే మిగిలింది. దానికి కారణం మనవాళ్ల పిసినారితనం అనను. ఎన్నుకునే అవకాశం లేనిచోట బొమ్మకు కూడా విలువ ఉండదు.

డెన్మార్క్‌లో సీళ్ల డబ్బుతో కట్టిన తొలి శానిటోరియం 1911లో కోల్డింగ్ దగ్గర సముద్రపాయ ఒడ్డున వెలసింది. ఆ భవనం ఇప్పుడు హోటలు. క్షయ తగ్గాక అక్కడివారు సీలును మానేయలేదు, పనిని మార్చారు. ఇప్పుడా డబ్బు తోటిపిల్లల వేధింపులతో, ఒంటరితనంతో, అధిక బరువుతో నలిగిపోయిన పిల్లలు కొన్ని వారాలుండి తేరుకునే ఇళ్లకు వెళుతోంది. బొమ్మ ఏటా మారుతూనే ఉంది, ఒక్కో ఏడు ఒక్కో చిత్రకారుడి చేతిమీదుగా. 1904 సీలు మీద ఒక రాణి ముఖం ఉంటే, 1970 సీలుకు బొమ్మ వేసింది అప్పటి యువరాణి మార్గ్రెత, రెండేళ్లకు సింహాసనం ఎక్కిన ఆవిడే.