ఇంటి అల్మరా నుంచి ఉక్కు డ్రమ్ము దాకా: అమెరికాలో గృహ ప్రమాదకర వ్యర్థాల చరిత్ర

ప్రమాదకర వ్యర్థాలను అవి పుట్టిన చోటి నుంచి చివరికి నాశనమయ్యే చోటి దాకా వెంబడించి పర్యవేక్షించే చట్టం అమెరికాలో 1976 అక్టోబరులో వచ్చింది. వనరుల పరిరక్షణ, పునరుద్ధరణ చట్టంగా పేర్కొనదగిన ఆ శాసనాన్ని అనుసరించి పర్యావరణ పరిరక్షణ సంస్థ 1980 మే నెలలో ప్రకటించిన నిబంధనలు, కర్మాగారాల మీద కఠినమైన బాధ్యతలు మోపుతూనే, ఇళ్లలో పుట్టే చెత్తను వాటి పరిధి నుంచి పూర్తిగా మినహాయించాయి. దానితో ఒకే పెయింట్ థిన్నర్ కర్మాగారం నుంచి వెలువడితే ప్రమాదకర వ్యర్థంగానూ, ఇంటి నుంచి వెలువడితే మామూలు చెత్తగానూ లెక్కకు వచ్చింది. కోట్లాది కుటుంబాల చేత పత్రాలు నింపించడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు కనుక పాలనాపరంగా ఆ మినహాయింపును తప్పుపట్టలేము; అయితే అది చట్టంలో వదిలిన ఖాళీని పూరించే భారం స్థానిక సంస్థల మీద పడింది. ఆ సంస్థల కోసం ఇంటి విషాలను సేకరించి, వేరుచేసి, దూరప్రాంతానికి పంపేందుకు సిద్ధం చేసే ఒక కొత్త వృత్తి ఈ అవసరం నుంచే పుట్టింది.

ఆ భారాన్ని గుర్తించేలా చేసిన ఘటనలు వేరే చోట జరిగాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని నయాగరా ఫాల్స్ నగరంలో, లవ్ కెనాల్ అనే పాత కాలువలో 1942 నుంచి 1953 వరకు పూడ్చిన సుమారు 21,000 టన్నుల రసాయనాలు, తరువాత ఆ నేల మీద, దాని చుట్టూ వెలసిన బడిని, ఇళ్లను కలుషితం చేయడంతో 1978 ఆగస్టులో అక్కడ అత్యవసర పరిస్థితి ప్రకటించవలసి వచ్చింది. దాని పర్యవసానంగా 1980 డిసెంబరులో వచ్చిన సూపర్‌ఫండ్ చట్టం, కలుషిత స్థలాలను శుభ్రపరిచే ఖర్చును ఆ వ్యర్థాలను పంపినవారి మీద కూడా మోపింది. శుభ్రపరచవలసిన స్థలాల జాబితాలో ఊరి చెత్తను పూడ్చిన గోతులు కూడా చేరడం చూసి మునిసిపాలిటీలు ఉలిక్కిపడ్డాయి. చెత్తగోతిలోకి పోయిన ప్రతి పురుగుమందు డబ్బా రేపు తమ ఖజానా మీదికే రాగలదని వాటికి అర్థమైంది.

1980ల తొలి సంవత్సరాల్లో మసాచుసెట్స్ వంటి రాష్ట్రాల్లో సేకరణ దినాలు మొదలయ్యాయి. తాగునీటికి ప్రధానంగా భూగర్భజలం మీదే ఆధారపడే ఫ్లోరిడా, 1983లో చేసిన నీటి నాణ్యత చట్టం ద్వారా ‘ఆమ్నెస్టీ డేస్’ను, అంటే తెచ్చి ఇచ్చినవారిని శిక్షించబోమన్న హామీతో సాగే సేకరణ దినాలను ఏర్పాటు చేసింది. ఇటువంటి సేకరణలకు 1972లోనే నిషేధానికి గురైన డీడీటీ పొడి, 1978లో గృహవినియోగానికి నిషిద్ధమైన సీసపు రంగులు, ఈతకొలనులో వేసే క్లోరిన్, బ్రేక్ ఫ్లూయిడ్, పాదరసపు థర్మామీటర్లు, కారు బ్యాటరీలు వచ్చి చేరేవి.

కర్మాగారపు వ్యర్థానికీ ఇంటి వ్యర్థానికీ గల అసలు భేదం ఇక్కడే ఉంది. కర్మాగారం ఒకే పదార్థాన్ని పెద్ద మొత్తంలో, దాని గుణం ముందే తెలిసి పంపుతుంది. ఇళ్ల నుంచి వచ్చేది వందల రకాల పదార్థాల చిన్నచిన్న మొత్తం, పైగా వాటిలో చాలావాటికి ఒకదానితో ఒకటి పొసగదు. ఈతకొలను క్లోరిన్‌గా అమ్మే కాల్షియం హైపోక్లోరైట్ పొడి మీద బ్రేక్ ఫ్లూయిడ్ పడితే నిప్పు తగిలించకుండానే కొద్దిసేపటిలో మంట లేస్తుంది. బట్టల బ్లీచ్‌లో మరుగుదొడ్డి యాసిడ్ కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. అందువల్ల ఈ వృత్తిలో తొలి పాఠం ప్యాకింగ్ కాదు, వేరుచేయడం: మండే ద్రవాలు, ఆమ్లాలు, క్షారాలు, ఇతర పదార్థాల దహనాన్ని ప్రేరేపించే ఆక్సీకారకాలు, విషాలు వేర్వేరు బల్లల మీదికి వెళ్లాలి.

వేరుచేసినవాటిని పంపడానికి అక్కరకు వచ్చింది ‘ల్యాబ్ ప్యాక్’, అంటే ప్రయోగశాలల్లో మిగిలిపోయిన చిన్న సీసాలను పెద్ద డ్రమ్ములో సర్ది పంపే పద్ధతి. ఇందులో ఏ సీసానూ తెరిచి వంపరు. సుమారు 208 లీటర్లు పట్టే, 55 గ్యాలన్ల డ్రమ్ము అడుగున ద్రవాన్ని పీల్చుకునే వర్మిక్యులైట్ అనే తేలికపాటి ఖనిజాన్ని పరచి, మూతలు బిగించిన సీసాలను దాని మీద నిటారుగా, ఒకదానికొకటి తగలకుండా నిలిపి, సందులను మళ్లీ అదే ఖనిజంతో నింపి, పైన మరొక పొర వేసి, మూత చుట్టూ ఇనుప కట్టు వేసి బోల్టు బిగిస్తారు. లోపలి గాజు పాత్ర 4 లీటర్లకు, లోహపు లేదా ప్లాస్టిక్ పాత్ర 20 లీటర్లకు మించరాదనీ, ఒక డ్రమ్ములో ఒకే తరగతి వ్యర్థం ఉండాలనీ, మొత్తం బరువు 205 కిలోలు దాటరాదనీ అమెరికా రవాణా నిబంధనలు నిర్దేశించాయి. పూడ్చివేతకు పోయే డ్రమ్ములో, లోపలి సీసాలన్నీ పగిలినా ఆ ద్రవమంతటినీ ఇముడ్చుకోగలిగినంత పీల్చుడు పదార్థం ఉండాలి. దహనానికి పోయేదైతే ఫైబర్ డ్రమ్ము వాడవచ్చు, దానిని విప్పకుండా లోపలి సరుకుతో సహా కొలిమిలోకి పంపవచ్చు. ఏ సీసా ఎక్కడిదో, అందులో ఏముందో నమోదు చేసే చిట్టా లేకుండా మూత బిగించడం ఈ పనిలో క్షమించరాని తప్పు.

ఒక గృహస్థుడు మిగిలిపోయిన పెయింటును కారు డిక్కీలో సేకరణ కేంద్రానికి తెచ్చుకుంటే దానికి వాణిజ్య రవాణా నిబంధనలు వర్తించవు. అదే పెయింటు కేంద్రం నుంచి కాంట్రాక్టరు లారీ ఎక్కిన క్షణం నుంచి వర్తిస్తాయి. అంతర్జాతీయంగా ఐక్యరాజ్య సమితి సిఫారసు చేసిన తొమ్మిది ప్రమాద తరగతులనూ, పడవేసి, ఒత్తి పరీక్షించిన పాత్రలనే వాడాలన్న సూత్రాన్నీ అమెరికా 1990 డిసెంబరులో ప్రకటించిన నిబంధనల ద్వారా తన వ్యవస్థలోకి తెచ్చుకున్నది. అప్పటి నుంచి డ్రమ్ము మీది గుర్తు దాని చరిత్రను చెబుతుంది: ‘1ఏ2’ అని ఉంటే 1 డ్రమ్మనీ, ఏ ఉక్కుదనీ, 2 పైమూత పూర్తిగా తొలగేదనీ అర్థం. పెయింటుకు యూఎన్ 1263 అనే సంఖ్య ఉండటం వల్ల, లారీ బోల్తా పడిన చోటికి వచ్చిన అగ్నిమాపక సిబ్బంది డ్రమ్ము తెరవకుండానే లోపలిదేమిటో తెలుసుకోగలుగుతారు.

ఖర్చు విషయంలో ల్యాబ్ ప్యాక్ భారమైనది, ఎందుకంటే డ్రమ్ములో సగానికి పైగా చోటును తరచుగా వర్మిక్యులైటే ఆక్రమిస్తుంది. అందుకే గుణం తెలిసిన నూనె పెయింట్లు, వాడిన ఇంజన్ నూనె వంటివాటిని ఒక్కచోట కలిపి నింపే పద్ధతి, తగిన గాలి, రక్షణ సామగ్రి ఉన్న చోట, దానికి తోడయింది. 1995 మేలో వచ్చిన ‘యూనివర్సల్ వేస్ట్’ నిబంధన బ్యాటరీలు, కొన్ని పురుగుమందులు, పాదరసపు థర్మోస్టాట్ల వంటి విస్తృతంగా పుట్టే వ్యర్థాలకు సడలించిన విధానాన్ని కల్పించగా, 1999లో ట్యూబ్‌లైట్లు కూడా ఆ జాబితాలో చేరాయి. లిథియం బ్యాటరీలు వచ్చాక ధ్రువాల మీద టేపు అంటించడం తప్పనిసరి జాగ్రత్త అయింది; రెండు బ్యాటరీల ధ్రువాలు ఒకదానికొకటి తగిలితే డ్రమ్ములోనే మంట మొదలవుతుంది.

ఇన్ని నియమాల మధ్య సిబ్బందిని నిజంగా వేధించేది పేరు లేని సీసా. కూల్‌డ్రింకు సీసాలోకి వంపిన పురుగుమందును, చీటీ ఊడిపోయిన డబ్బాను ఏ తరగతిలో చేర్చాలో తెలియనప్పుడు, పీహెచ్ కాగితంతో మొదలుపెట్టి, నీటితో కలిసే తీరును, మండే గుణాన్ని చుక్కచుక్కగా పరీక్షించిన తరువాతే దానిని డ్రమ్ములో పెట్టాలి. ఇంటివారు ఒక చీటీని కాపాడి ఉంటే ఈ పరీక్షలలో ఏదీ అవసరమయ్యేది కాదు.

భారతదేశంలో 2016 ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు పెయింట్ డబ్బాలు, పురుగుమందు డబ్బాలు, సీఎఫ్‌ఎల్ బల్బులు, గడువు తీరిన మందులు, పగిలిన థర్మామీటర్లు, వాడిన బ్యాటరీలు, సూదుల వంటివాటిని గృహ ప్రమాదకర వ్యర్థాలుగా నిర్వచించి, ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒక జమ కేంద్రం ఏర్పాటు చేయాలని స్థానిక సంస్థలను ఆదేశించాయి. హైదరాబాద్ శివారు దుండిగల్‌లోనూ, విశాఖ సమీపంలోని పరవాడలోనూ పారిశ్రామిక ప్రమాదకర వ్యర్థాలను శుద్ధిచేసి పూడ్చే ఏర్పాట్లు ఉన్నాయి. ఇంటి అల్మరాకూ అటువంటి చోటికీ మధ్య నమ్మదగిన దారి ఉండాలంటే జమ కేంద్రంలో శిక్షణ పొందిన సిబ్బంది, సరైన డ్రమ్ములు, నమోదు చిట్టా ఉండి తీరాలి. అంతవరకూ పౌరులు చేయగలిగినది స్పష్టం: ఇటువంటి పదార్థాన్ని వేరే సీసాలోకి వంపవద్దు, రెండింటిని కలపవద్దు, కాలువలో పోయవద్దు, కొన్న డబ్బాలోనే, చీటీ చెరగకుండా, పిల్లల చేతికి అందని చోట ఉంచి, తీసుకునేవారికి విడిగా చెప్పి అప్పగించాలి.