కుడితి కుండ నుంచి కంపోస్టు డబ్బా దాకా

ఇంట్లో కంపోస్టు చేసుకుందాం అనుకునే ఆడవాళ్లకు మొదట వచ్చే సందేహం ఎరువు గురించి కాదు, డబ్బా గురించి. కూరగాయల తొక్కలు, టీ పొడి, వడలిన కొత్తిమీర పెరట్లోకో మేడ మీదికో చేరేదాకా వంటింట్లో దేంట్లో వెయ్యాలి? స్టీలుదా, ప్లాస్టిక్‌దా, మట్టిదా? ఎంత పెద్దది ఉండాలి? ఇదేదో కొత్తగా వచ్చిన సమస్యలా అనిపిస్తుంది గానీ, మన ఇళ్లల్లో ఈ పనికి ఒక పాత్ర ఏనాటి నుంచో ఉండేది. అదే కుడితి కుండ.

కుడుచు అంటే తాగడం, తినడం. కుడితి ఆ మాటకు దగ్గరి చుట్టం. మన పక్కనే ఉన్న తమిళంలో ఇప్పటికీ తాగడాన్ని 'కుడి' అనే అంటారు. అంటే ఆ కుండ పేరులోనే తాగే నోరు ఒకటి ఉంది. 'చెత్తబుట్ట' అన్న పేరులో ఏ నోరూ లేదు. నాకు ఈ చరిత్ర అంతా ఈ రెండు పేర్ల మధ్యనే జరిగిందనిపిస్తుంది.

మా అవ్వ వాళ్లింట్లో కుడితి కుండ పెరటి వాకిలి పక్కన ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు, వంచిన గంజి, సంగటి చేసిన గిన్నెలో నానబెట్టిన మాడు, దోసకాయ చెక్కు, అరటిపండు తొక్కలు అందులోకే. సాయంత్రం కొంచెం తవుడో, చెనక్కాయల చెక్కో కలిపి తొట్టిలో పోస్తే ఆవు తలెత్తకుండా తాగేది. చలికాలం వచ్చిందంటే పితికిపప్పు కోసం అనపకాయలు ఒలిచేవాళ్లు. ఇంటిల్లిపాదీ కూర్చుని ఒలిస్తే గింజ గిన్నెడు, పొట్టు గంపెడు. ఆ గంపెడూ పశువులకే. కుండలో ఏం వెయ్యొచ్చో ఎవరూ కాగితం మీద రాసి పెట్టలేదు. సూది, గాజుపెంకు, దారం అందులో పడకూడదని పిల్లలకు కూడా తెలుసు. ఎందుకంటే తాగేది ఎవరో కళ్ల ముందే కట్టేసి ఉంది.

'కుడితిలో పడ్డ ఎలుక' అన్న సామెత మీకందరికీ తెలిసిందే. ఒక వస్తువు సామెతలోకి ఎక్కాలంటే అది ప్రతి ఇంట్లోనూ ఉండాలి కదా. లోతుగా, నిండుగా, మూత లేకుండా ఉండేదని కూడా ఆ ఎలుకే సాక్ష్యం చెబుతోంది. మూత అవసరం ఎందుకు రాలేదంటే, రోజూ ఖాళీ అయ్యేది కాబట్టి. పులిసి కంపు కొట్టేంత వ్యవధి దానికి దొరికేది కాదు.

మన ఊరి పేరు దేశమంతా తెలిసింది ఆవు వల్లనే. పుంగనూరు ఆవు ఎత్తు సుమారు 70 నుంచి 90 సెంటీమీటర్లు. తక్కువ మేతతో బతుకుతుంది, పాలల్లో వెన్న ఎక్కువ. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన ఇంట్లో ఈ పొట్టి ఆవులకు మేత పెడుతున్న ఫొటోలు వచ్చాక చాలామంది వీటిని అడగడం మొదలుపెట్టారు. జాతి తగ్గిపోతున్న రోజుల్లో దాన్ని నిలబెట్టే పని పలమనేరులోని పశు పరిశోధన కేంద్రం చేసింది. నా మటుకు నాకు ఇది ఒక వంటింటి మిగుళ్లకు సరిగ్గా సరిపోయే ఆవులా కనిపిస్తుంది.

కుడితిలోకి పోనివి దిబ్బకు పోయేవి. పొయ్యి బూడిద, ఊడ్చిన కసువు, విస్తరాకులు, పేడ అన్నీ అక్కడ మాగి, వానలకు ముందు బండ్లలో చేలకు చేరేవి. తడి వేరు, పొడి వేరు అని ఇప్పుడు మనకు చెబుతున్న పాఠం ఇదే.

ఈ దిబ్బ ఎరువును శాస్త్రంగా రాసిన వాళ్లల్లో ముఖ్యుడు ఆల్బర్ట్ హోవర్డ్ అనే ఇంగ్లీషాయన. 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో పనిచేసి, పచ్చి చెత్త, ఎండు చెత్త, పేడ పొరలుగా వేసి, తడిపి, తిరగేసే పద్ధతిని తయారుచేశాడు. దానికి ఇండోర్ పద్ధతి అని పేరు. 1931లో యశ్వంత్ వాడ్ అనే మన దేశపు శాస్త్రవేత్తతో కలిసి దాని గురించి పుస్తకం రాశాడు. హోవర్డ్ భార్య గాబ్రియెల్ కూడా వృక్షశాస్త్రవేత్తే. ఏళ్ల తరబడి ఆయనతో సమానంగా పనిచేసి, ఆ పుస్తకం రాకముందే 1930లో చనిపోయింది. పేరు మాత్రం ఎక్కువగా ఆయనకే మిగిలింది. ఇది కూడా మనకు కొత్త కథ కాదు.

పశువులు లేని పెద్ద పట్నాల్లో కథ వేరుగా నడిచింది. పారిస్‌లో యూజీన్ పుబెల్ అనే అధికారి 1883-84లో ప్రతి ఇంటి యజమానీ మూత ఉన్న డబ్బాలు పెట్టాలని ఆజ్ఞ వేశాడు. కుళ్లేవాటికి ఒకటి, కాగితాలకూ గుడ్డలకూ ఒకటి, గాజు పెంకులకూ ఆల్చిప్పలకూ ఒకటి, మొత్తం మూడు. ఫ్రెంచి వాళ్లు ఇవాళ్టికీ చెత్తడబ్బాను ఆయన పేరుతోనే పిలుస్తారు. మూత అక్కడ ఎందుకు అవసరమైందో చూడండి. డబ్బాకూ తినే నోటికీ మధ్య దూరం పెరిగింది.

మన ఊళ్లల్లోనూ ఆ దూరం వచ్చింది. పెరళ్లు తగ్గాయి, పశువుల కొట్టాలు పోయి గదులు లేచాయి. కుడితి కుండ ఉన్న చోటికి ప్లాస్టిక్ బకెట్, దాంట్లోకి ప్లాస్టిక్ కవరు వచ్చాయి. చెయ్యి అంటకుండా మూట కట్టి పారెయ్యడం సుఖమే. కానీ వీధిలో తిరిగే ఆవుకు మూట విప్పే చేతులు లేవు. అన్నం వాసనకు కవరుతో సహా మింగుతుంది. పుట్టపర్తిలోని కరుణా సొసైటీ వాళ్లు అలాంటి ఆవుల పొట్టలు ఆపరేషన్ చేసి ప్లాస్టిక్ ముద్దలు ముద్దలుగా తీశారు. 2012లో ఆ బాధ చెప్పుకోడానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. కుడితి కోసం వచ్చిన నోరు అదే, మనం అందించే పాత్ర మారిపోయింది.

చట్టాలు కూడా మెల్లగా పాత పద్ధతి వైపే తిరిగాయి. బెంగళూరుకు చెందిన అల్మిత్రా పటేల్ అనే ఆవిడ 1996లో సుప్రీంకోర్టులో వేసిన కేసు వల్ల 2000లో పట్టణ చెత్త మీద నియమాలు వచ్చాయి. 2016 నియమాలు చెత్తను ఇంట్లోనే మూడుగా వేరు చెయ్యాలన్నాయి. 2021 అక్టోబరు 2న మన రాష్ట్రంలో మొదలైన కార్యక్రమంలో ఆకుపచ్చ, నీలం, ఎరుపు బుట్టలు పంచారు. తడిది ఆకుపచ్చలో, పొడిది నీలంలో, ప్రమాదకరమైనవి ఎరుపులో. వేరు చేసే పని మాత్రం ఎప్పటిలాగే వంటింట్లో ఉన్న మనిషిదే. అందుకే ఆ పని మనకు భారం కాకుండా చేసే డబ్బాను మనమే ఎంచుకోవాలి.

ఇంత చరిత్రా చూశాక ఎంపిక కష్టం కాదు. కుడితి కుండ గుణాలే వెతుక్కోవాలి. మొదటిది, చిన్నదై ఉండాలి. నలుగురున్న ఇంటికి మూడు నుంచి ఐదు లీటర్లు చాలు. పెద్దది కొంటే ఖాళీ చెయ్యడం వాయిదా పడుతుంది, కంపు మొదలవుతుంది. గాలి ఆడకుండా తడి నిలిచిపోతే వచ్చే కంపే అది. రెండోది, తోమడానికి లొంగాలి. నోరు వెడల్పుగా ఉండి, చెయ్యి అడుగుదాకా పోవాలి. స్టీలు డబ్బా దీనికి మేలు. ప్లాస్టిక్ గీతలు పడేకొద్దీ వాసన పట్టేస్తుంది, ఇనుము తుప్పు పడుతుంది. మట్టి పాత్రకు గాలి ఆడుతుంది గానీ తడి పీలుస్తుంది, రోజూ ఎత్తడానికి బరువు. అది పెరట్లో ఎరువు మాగడానికి బాగుంటుంది. మూడోది, మూత ఉండాలి. మనకిప్పుడు సాయంత్రానికల్లా ఖాళీ చేసే ఆవు లేదు, చీమలూ దోమలూ మాత్రం ఉన్నాయి.

మదనపల్లె టమాటాలు తినే ప్రాంతం మనది. టమాటాల్లో, దోసకాయల్లో నీరెక్కువ. అడుగున ఒక వార్తాపత్రిక ముక్కో, గుప్పెడు ఎండుటాకులో, కొబ్బరి పీచో వేస్తే ఆ నీరు పీల్చుకుంటుంది. ఆ ఎండుసరుకు తర్వాత ఎరువుకూ పనికొస్తుంది. కవరు మాత్రం వెయ్యకండి, మట్టికి కూడా అది మింగుడుపడదు.

డబ్బా కొనేముందు అది రోజూ ఎక్కడ ఖాళీ అవుతుందో చూసుకోండి. గుంతా, కుండీనా, పక్కింటివాళ్ల ఆవా? అది తేలితే డబ్బా సంగతి దానంతటదే తేలుతుంది. చాలా ఇళ్లల్లో కొనే పని కూడా ఉండదు. అటక మీద మూత ఉన్న పాత స్టీలు డబ్బా ఒకటి దొరకకపోదు.