ముందు బరువు: కాడినుండి ఐదవ చక్రము వరకు

ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు అనంతపుర పీఠభూమిలో, ధాన్యమును, వేరుసెనగ కాయలను, కడకు త్రాగునీటిని సైతము ఊరినుండి ఊరికి ఈడ్చిన వాహనముల చరిత్రను పరిశీలించినచో, చక్రముల సంఖ్యయు వేగమును గాక వేరొక ప్రశ్నయే దానిని ఆద్యంతము నడిపినదని తోచును. వెనుక వచ్చు బండి తన ముందు బరువును, తన్ను లాగు ప్రాణిపైనగాని యంత్రముపైనగాని, ఏ తావున మోపవలెను అనునదే ఆ ప్రశ్న.

1800లో ఈ సీమ దత్తమండలములలో చేరి, థామస్ మన్రో 1807 వరకు ప్రధాన కలెక్టరుగా నుండిన దినములలో, లంబాడీల పెరికెద్దులు ఉప్పును ధాన్యమును వీపులపైననే మోసెడివి. 1871 నాటికి మద్రాసు రైలుమార్గము గుత్తి, గుంతకల్లుల మీదుగా రాయచూరు చేరగా, పల్లెలనుండి స్టేషనులకు సరకు చేర్చు రెండెడ్ల బండి ప్రాముఖ్యము ఇనుమడించెను.

ఆ బండి కట్టుటలోని నేర్పును మనము తగినంత గౌరవింపలేదని నా విశ్వాసము. మూటలు ఇరుసుకు వెనుకగా పడినచో నొగలు పైకి లేచి పట్టెడలు ఎద్దుల గొంతులను ఒరయును. మితిమీరి ముందుకు పడినచో కాడి క్రింద మెడలు పుండ్లగును. కావుననే ఆరితేరిన బండివాడు మూటలు పేర్చిన పిమ్మట కాడిని రెండు చేతులతో ఎత్తి చూచి, ఒక మూటను జానెడు వెనుకకు జరిపి, మరల ఎత్తి చూచును. మిట్ట యెక్కునప్పుడు తానే తక్కెడలోని గుండువలె నొగలపైకి జరుగును. పల్లమున వెనుకకు పోవును. లెక్కలు రాని ఆ మనుష్యునికి తులాశాస్త్రము కరతలామలకము.

1876-78 నాటి మహాక్షామమున మనుష్యులతోపాటు పశువులును అసంఖ్యాకముగా నశించెను. తదనంతరమున వచ్చిన ప్రతి కరువునను మేత దొరకక కాడియెడ్లను తెగనమ్ముకొనుట ఈ నేలకు పరిపాటి యయ్యెను. ఫరీదాబాదున 1959లోను, మద్రాసున 1960లోను ఆరంభమైన ట్రాక్టరు పరిశ్రమ క్రమముగా ఈ లోటును ఆక్రమించెను. పని లేని నాడు మేత యడుగకుండుట యంత్రమునకు ఇచ్చట గొప్ప సుగుణము. కాని ప్రశ్న తీరలేదు. ట్రాక్టరు కొక్కెము వెనుక ఇరుసుకు ఆవల నుండును గనుక, రెండు చక్రముల ట్రాలీ ముందు బరువు అచ్చట మితిమీరి పడినచో ముందు చక్రములు నేల విడుచుటకు సిద్ధమగును. ట్రాలీకి వేరుగా బ్రేకు లేకపోవుట మరియొక అపాయము.

నీటి ట్యాంకరు విషయము ఇంకను కఠినము. 2016 ఆగస్టులో వేరుసెనగ పైరు ఎండుచుండగా రెయిన్ గన్నులతో రక్షక తడి నిచ్చుటకు ప్రభుత్వము పూనుకొనినప్పుడును, చీనీతోటలను బ్రతికించుకొనుటకు రైతులు నీటిని కొనవలసివచ్చిన వేసవులలోను ఈ ట్యాంకర్లే దిక్కైనవి. సగము నిండిన ట్యాంకరులో నీరు మిట్టపై వెనుకకు పారి కొక్కెమును పైకెత్తును. పల్లమున ముందుకు దూకి ట్రాక్టరును త్రోయును. లోపల అడ్డురేకులు లేని ట్యాంకరును రాత్రివేళ వంకలు దాటించు యువకుని తలచుకొన్నపుడెల్ల నాకు భయము కలుగును.

ముందు బరువు ప్రశ్నకు పరిష్కారము గుర్రపుబండ్లనుండి వచ్చినది. వాని ముందు ఇరుసు తిరుగుటకై అడ్డముగా అమర్చిన వలయమే ఐదవ చక్రము. 1914లో డిట్రాయిట్ నగరమున ఆగస్ట్ ఫ్రూహాఫ్ అను బండ్ల పనివాడు, ఒక కలప వర్తకుని పడవను మోయుటకై, ఫోర్డు కారుకు తగిలించు అర్ధశకటమును (సెమీట్రైలరును) నిర్మించెను. ఇంచుమించు అదే కాలమున చార్లెస్ మార్టిన్ ఐదవ చక్రమును మోటారు బండికి తగునట్లు, ఊగుచు తిరుగు పీటగా మలచెను. సాధారణముగా 50 మిల్లీమీటర్ల మందము గల ఒక ఉక్కు పిన్ను ఆ పీటలో దిగి, బరువును లాగుదాని వెనుక ఇరుసుమీదనే నిలుపును. ఉరవకొండ, బెళుగుప్ప ప్రాంతముల గాలిమరల రెక్కలును, 2019 నుండి పెనుకొండ చెంత ఎర్రమంచిలో తయారగుచున్న కియా కార్లును ఇట్టి ట్రైలర్లపైననే 44వ జాతీయ రహదారిని చూచినవి.

అమెరికాలో పికప్పు తొట్టిలోనే ఈ పీటను బిగించి ఇల్లువంటి బండిని లాగుదురు. కక్కలపల్లి మండీకి టమోటా తెచ్చు మన పికప్పులకు ఆ వాడుక లేదు. అచ్చట 5 టన్నుల బండి సుమారు 1 టన్ను బరువును పికప్పుపై మోపును గనుక పిన్ను ఇరుసుపైననే యుండవలెను. 8 అడుగుల తొట్టిలో ఇరుసుకు క్యాబినుకు నడుమ నాలుగున్నర అడుగుల చోటుండును. ఆరున్నర అడుగుల పొట్టి తొట్టిలో మూడడుగుల చిల్లరయే. ఎనిమిదిన్నర అడుగుల వెడల్పు గల బండి అడ్డముగా తిరిగినప్పుడు దాని ముందుమూల నాలుగడుగులకు పైగా చొచ్చుకొనివచ్చి క్యాబిను అద్దమును పగులగొట్టును. అందుకై జారుడు పీటను కల్పించిరి. నెమ్మదిగా మలుపు తిరుగునంతసేపు అది పిన్నును ఇరుసుకు వెనుకగా జరుపును. ఆ క్షణమున బరువు తప్పుచోట నుండును గనుక, మలుపు తీరిన వెంటనే పీటను యథాస్థానమునకు చేర్చి, చీల పడినదని రూఢి చేసికొని గాని వేగము పెంచరాదు.