అప్పగింత

పెళ్లిలో అప్పగింతల వేళ సన్నాయి గొంతు మారిపోతుంది. పళ్లెంలోని పాలలో ముంచిన అమ్మాయి చేతుల్ని అత్తమామల చేతుల్లో పెట్టి, "జాగ్రత్తగా చూసుకోండి" అంటూ తండ్రి కళ్లు తుడుచుకుంటాడు.

అదే మాట పేపర్లో 'నిందితుడి అప్పగింత' అయ్యేసరికి పాలూ కన్నీళ్లూ పోయి ఒప్పందాలు, వారంట్లు మిగిలాయి. ఇంగ్లిష్ 'ఎక్స్‌ట్రడిషన్'కు మూలం లాటిన్ 'ట్రాడెరె', అంటే చేతికివ్వడం. సంప్రదాయమనే 'ట్రెడిషన్'కూ, ద్రోహి అనే 'ట్రెయిటర్'కూ తల్లి అదే. (మన 'సంప్రదాయం'లో ఉన్నదీ ఇవ్వడమనే 'దా' ధాతువే!)

అయితే "జాగ్రత్తగా చూసుకోండి" అన్న షరతు మాత్రం కోర్టుల్లోకీ వచ్చింది. 1989లో సోరింగ్ కేసులో స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు, హత్యారోపణ ఎదుర్కొంటున్న సోరింగ్ అనే జర్మన్ యువకుణ్ణి బ్రిటన్ అమెరికాలోని వర్జీనియాకు అప్పగిస్తే, మరణశిక్ష కోసం అక్కడ ఏళ్ల తరబడి ఎదురుచూడటమే అమానుషమని, ఆ తప్పు అప్పగించిన దేశానిదీ అవుతుందని తేల్చింది. మరణశిక్ష ఉండదని అమెరికా నుంచి హామీ వచ్చాకే అతన్ని పంపారు.

మనమూ మాటిచ్చాం. మరణశిక్ష వేయబోమని, జైలు 25 ఏళ్లు దాటదని హామీ ఇచ్చాకే పోర్చుగల్ 2005లో గ్యాంగ్‌స్టర్ అబూ సలేంను అప్పగించింది. ఆ మాట నిలబెట్టుకోవాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.