కేటగిరీ పడ్డ హవల్దారు
(సైన్యంలో మనవాళ్లు – 7)



లంగర్‌హౌస్ నుంచి మొయినాబాద్ మీదుగా చేవెళ్ల పోయే రోడ్డు మొదట్లోనే గోల్కొండ ఆర్టిలరీ సెంటర్ ఉంది. దేశం నలుమూలల నుంచి వచ్చిన పిల్లల్ని అక్కడ ఫిరంగి సైనికులుగా తయారుచేస్తారు. అదే రోడ్డు మీద కొంచెం ముందుకు పోతే, మర్రిచెట్ల కింద మన వాడల పిల్లలు తెల్లారకముందే పరుగు ప్రాక్టీసు చేస్తూ కనిపిస్తారు. వాళ్లకు మిలిటరీ అంటే జీతం ఒక్కటే కాదు. ఊళ్లో "ఒరేయ్" అన్న నోరే రేపు "మిలిటరీ సారు" అంటుందన్న ఆశ.

ఆ పిల్లలకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. సర్వీసు మధ్యలో ఒళ్లు దెబ్బతింటే ఏమవుతుంది?

సైన్యం మనిషి ఒంటిని ఐదు ఇంగ్లీషు అక్షరాలతో కొలుస్తుంది. కలిపి 'షేప్' అంటారు. మనసు, వినికిడి, కాళ్లూచేతులు, గుండె, షుగర్ లాంటి ఒంటి జబ్బులు, చూపు. ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా అంకె వేస్తారు. అన్నింటికీ 1 వస్తే షేప్-1, అంటే పూర్తి ఆరోగ్యం. 5 అంటే ఇక పనికిరాడని. మధ్యలో ఉన్నవాళ్లది 'లో మెడికల్ కేటగిరీ'.

ఏళ్ల తరబడి ఫిరంగి పక్కన నిలబడ్డవాడికి చెవి దెబ్బతినొచ్చు. సియాచిన్ చలికి కాలివేళ్లు పోవచ్చు. మోకాలు అరగొచ్చు, బీపీ రావొచ్చు. ఇవన్నీ మొదటి ఏడు వచ్చేవి కావు. మూడు పట్టీల హవల్దారు అయి, పదిమంది జవాన్లున్న సెక్షన్‌ను నడిపే వయసులో వస్తాయి. సరిగ్గా అప్పుడే అతని ముందు నాయబ్ సుబేదార్ మెట్టు ఉంటుంది. ఆ మెట్టుకు మామూలుగా షేప్-1 అడుగుతారు. యుద్ధంలో గాయపడ్డవాళ్లకు సడలింపులున్నాయి. మిగతావాళ్లకు అనుభవం ఎంతున్నా అంకె అడ్డం పడుతుంది. ఉద్యోగంలో కొనసాగడం కూడా ఒంటికి తగిన పని ఖాళీగా ఉంటేనే.

మన చరిత్ర తెలిసినవాళ్లకు ఈ కొలత ఎక్కడో విన్నట్టే అనిపించాలి. మొత్తం కులాలకే ఇలా కేటగిరీ వేసిన కాలం ఒకటుంది.

1818లో కోరేగాం దగ్గర మహార్ సైనికులు ప్రాణాలిచ్చారు. మద్రాసు సైన్యంలో పరయలు, మాలలు పనిచేశారు. తర్వాత 'యుద్ధ జాతుల' సిద్ధాంతం వచ్చింది. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉన్న లార్డ్ రాబర్ట్స్, దక్షిణాది సైనికుడు యుద్ధానికి పనికిరాడని తేల్చేశాడు. ఆ తర్వాత ఆయనే మొత్తం భారత సైన్యానికి అధిపతి అయ్యాడు. 1890ల మొదట్లో మహార్ల భర్తీ ఆపేశారు. ఏ డాక్టరూ నాడి పట్టి చూడలేదు. కులం పేరు చూసి పనికిరారని రాశారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులు కావలసి వచ్చి 1917లో 111వ మహార్ పటాలం పెట్టారు. యుద్ధం ముగిశాక రద్దు చేశారు. రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చాక 1941లో మహార్ రెజిమెంట్ పుట్టింది. 1943లో చమార్ రెజిమెంట్ పెట్టారు, 1946లో తీసేశారు. అవసరం పడితే షేప్-1, అవసరం తీరితే కేటగిరీ!

మరి ఆ వేటు పడ్డవాళ్లు ఏం చేశారు? గోపాల్ బాబా వలంగ్కర్ 1886లో సైన్యం నుంచి రిటైరైన హవల్దారు. ఇంటికొచ్చి కలం పట్టాడు. 1888లో 'విటాళ్ విధ్వంసన్' రాసి అంటరానితనాన్ని శాస్త్రాల సాక్షిగా నిలదీశాడు. భర్తీ ఆపినందుకు 1894లో సైన్యాధిపతికి అర్జీ రాశాడు. పట్టీలు పోయాక మొదలైన నాయకత్వం అది.

రెండో మనిషి మనందరికీ తెలిసినవాడే. సుబేదార్ రాంజీ సక్పాల్, బాబాసాహెబ్ తండ్రి. పద్నాలుగేళ్లు సైనిక బడికి ప్రధానోపాధ్యాయుడు. ఆయన జబ్బుచేసి ఆ పనికి పోలేదు. కానీ నల్లబల్ల ముందు నిలబడి కూడా సైన్యంలో పెద్ద ర్యాంకు మనిషిగా ఉండొచ్చని ఆయన జీవితం చెబుతుంది. ఆ బడి క్రమశిక్షణే ఇంట్లోకి వచ్చి మనకు అంబేద్కర్‌ను ఇచ్చింది. ఈ రోజుకీ సైన్యంలో డిగ్రీ చదివినవాళ్లను నేరుగా హవల్దారు ర్యాంకుతో విద్యాశాఖలోకి తీసుకుంటారు. అంటే నేర్పడం నాయకత్వమేనని సైన్యానికీ తెలుసు.

అలాంటప్పుడు చెవి దెబ్బతిన్న ఫిరంగి హవల్దారు కొత్తవాళ్లకు శిక్షణ ఇవ్వలేడా? మోకాలు అరిగినవాడు స్టోర్సు, ఆయుధాల లెక్క నడపలేడా? ఆ పనులు ఇస్తారు కూడా. ఇచ్చే పనికి, ఎక్కనిచ్చే మెట్టుకు మధ్యనే తేడా.

చట్టం ఏమంటుంది? 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం సర్వీసులో వైకల్యం వచ్చిన ఉద్యోగిని తీసేయకూడదు, ర్యాంకు తగ్గించకూడదు, వైకల్యం కారణంగా ప్రమోషన్ ఆపకూడదు. కానీ 2021 ఆగస్టులో కేంద్రం ఒక నోటిఫికేషన్‌తో సాయుధ దళాల పోరాట సిబ్బందిని ఆ సెక్షన్ నుంచి తప్పించింది. బళ్లో క్లర్కుకు ఉన్న రక్షణ సరిహద్దులో హవల్దారుకు లేదు.

కోర్టులు కొంత ఆదుకున్నాయి. గుండె జబ్బుతో కేటగిరీ పడ్డ నాయబ్ సుబేదార్ రాజ్‌పాల్ సింగ్ కేసులో, ఇన్‌వాలిడింగ్ మెడికల్ బోర్డు ముందు పెట్టకుండా ఇంటికి పంపడం చెల్లదని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. చేరినప్పుడు రికార్డులో లేని జబ్బు తర్వాత వస్తే అది సర్వీసు వల్లే వచ్చిందని భావించాలని 2013లో ధరంవీర్ సింగ్ తీర్పు చెప్పింది. మన ఇళ్లల్లో మిలిటరీ వాళ్లుంటే ఈ రెండు పేర్లు రాసి పెట్టుకోండి. మెడికల్ బోర్డు కాగితాల్లో ఒక్కటి కూడా పారేయకండి.

మొయినాబాద్ దగ్గర ఈ మధ్య ఒక రిటైర్డ్ హవల్దారన్నను కలిశాను. వినికిడి కేటగిరీ. ఇప్పుడు ఒక ఫామ్‌హౌస్ గేటు కాడ సెక్యూరిటీ డ్యూటీ. గట్టిగా మాట్లాడితే వినిపిస్తుంది. "చెవి పోయింది తమ్మీ, నోరు పోలే గదా. పిల్లగాండ్లకు నేర్పనీకె నోరు సరిపోదా?" అన్నాడు.

మొయినాబాద్ కలిసి ఉన్న చేవెళ్ల అసెంబ్లీ సీటు 2009 ఎన్నికల నుంచి ఎస్సీ రిజర్వుడు. నాయకత్వం అనగానే మన కళ్లు ఆ ఒక్క కుర్చీ మీదికే పోతున్నాయి. పదిమందిని వెంటబెట్టుకుని కొండలెక్కినవాడు, మ్యాపు చదవగలిగినవాడు, క్రమశిక్షణ తెలిసినవాడు గేటు కాడ కూర్చుంటే మనకు పట్టడం లేదు. అగ్నిపథ్ వచ్చాక నాలుగేళ్లకు నూటికి 25 మందికి మించి ఉంచుకోరు. మూడు పట్టీల దాకా చేరే మనవాళ్లు ఇకమీద ఇంకా తగ్గుతారు. ఉన్న హవల్దార్లే మనకు మిగిలిన బడి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ వాడలో అలాంటి అన్న ఉంటే ఆదివారం నాడు కమ్యూనిటీ హాలుకు పిలవండి. పరుగు, మ్యాపు, పరీక్ష, కాగితాలు, ఏది తెలిస్తే అది నేర్పమని అడగండి. ముందు వరసలో కూర్చోండి, ఆయనకు మీ మాట వినపడాలి.

వచ్చే భాగంలో సికింద్రాబాద్ కంటోన్మెంట్ మనవాళ్ల గురించి.

జై భీమ్!